ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ ఎంపిక: ఆర్క్ మొదలు, ఫిల్టరు చివర

వెల్డింగు పొగని లాగి వడకట్టే ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ బ్రోచరు ఏది తెరిచినా మొదటి పేజీలో రెండు అంకెలు పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. ఒకటి ఫిల్టరు సామర్థ్యం, 99.9 శాతం అని. రెండోది గంటకు ఇన్ని ఘనపు మీటర్ల గాలి అని. రెండూ అబద్ధాలు కావు. కానీ ఆ రెండిటినే నమ్ముకుని యంత్రం కొంటే, డబ్బు ఖర్చయ్యాక కూడా వెల్డరు ముక్కులోకి పొగ వెళ్తూనే ఉంటుంది. 99.9 శాతం అన్నది యంత్రం లోపలికి వచ్చిన పొగ లెక్క. లోపలికే రాని పొగ సంగతి ఆ అంకెలో లేదు. ఆర్క్ (లోహాన్ని కరిగించే కరెంటు మెరుపు) దగ్గర పుట్టిన పొగలో సగమే హుడ్‌లోకి, అంటే యంత్రం పీల్చే నోట్లోకి వెళ్తుంటే, ఫిల్టరు ఎంత గొప్పదైనా మొత్తం మీద మనం పట్టుకున్నది సగమే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఎంపిక ఆర్క్ దగ్గర మొదలవ్వాలి. అక్కణ్నుంచి హుడ్, దాన్ని మోసే ఆర్మ్ (కదిలే చేయి), పైపు, గాలి లాగే బ్లోయరు, ఆఖర్న ఫిల్టరు. పొగ ప్రయాణం చేసే వరుస అది. మన ప్రశ్నలూ ఆ వరుసలోనే రావాలి. ఎక్కువ చోట్ల జరిగేది దీనికి తలకిందులు. ముందు ఫిల్టరు క్లాసు, తర్వాత మోటారు, తర్వాత ధర. హుడ్ ఆర్క్‌కి ఎంత దగ్గరికి వస్తుంది, వెల్డరు దాన్ని అక్కడ ఉంచుతాడా అన్న ప్రశ్న, ఆర్మ్ గోడకి బిగించేశాక గానీ ఎవరికీ తట్టదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఎమ్మెస్ (మైల్డ్ స్టీలు) వెల్డింగుకి ఇంత హంగామా అక్కర్లేదు, స్టెయిన్‌లెస్‌కైతే చూద్దాం అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2017లో వెల్డింగు పొగలన్నిటినీ మొదటి గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని రుజువైన వాటిలో చేర్చింది. 2019 ఫిబ్రవరిలో బ్రిటన్ భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ ఇంకొంచెం స్పష్టంగా చెప్పింది: మైల్డ్ స్టీలు పొగ కూడా ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి కారణం కావచ్చు, లోపల చేసే ఏ వెల్డింగుకీ మామూలు గాలి వెలుతురు సరిపోదు, పొగని పుట్టిన చోటే లాగాలి. మైల్డ్ స్టీలు పొగలో ఉండే మాంగనీసు నరాల మీద పని చేస్తుంది. అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ 2013లో ఊపిరితిత్తుల లోతుకు చేరే మాంగనీసు పరిమితిని ఘనపు మీటరుకు 0.02 మిల్లీగ్రాములకు దించింది. కంటికి కనిపించేంత పొగ మొహం ముందు ఉందంటే ఈ పరిమితి దగ్గర ఆగడం చాలా కష్టం.

పొగ ఎక్కణ్నుంచి, ఎటు

వెల్డింగు పొగలో 90 శాతానికి పైగా రాడ్డు నుంచో వైరు నుంచో వస్తుంది. బేస్ మెటల్ (అతికించే లోహం) వాటా కొద్దిగానే. ఆర్క్ వేడికి వైరు కొన దగ్గర లోహం ఆవిరై, పైకి లేచి, చల్లగాలి తగలగానే గట్టిపడి రేణువులవుతుంది. వాటిలో చాలావరకు ఒక మైక్రాను కన్నా చిన్నవి. గ్రైండింగు దుమ్ములా కాసేపటికి నేల మీద వాలిపోవు, గంటల తరబడి షెడ్డులో తేలుతూనే ఉంటాయి.

వేడి వల్ల పొగ నిలువుగా లేస్తుంది. జాబు (వెల్డు చేసే వస్తువు) బల్ల మీద ఉంటే వెల్డరు దాని మీదికి వంగుతాడు. అంటే పొగ దారికి అడ్డంగా ఉన్నది అతని మొహమే. హెల్మెట్ దాన్ని కొంత పక్కకి తోస్తుంది గానీ, గడ్డం కింద నుంచి లోపలికి వచ్చేది వస్తూనే ఉంటుంది. బల్ల మీద నాలుగైదు అడుగుల ఎత్తున వేలాడదీసే గొడుగు హుడ్‌ని నేను వెల్డరు ఉన్న బల్లకి అసలు ఒప్పుకోనిది ఇందుకే. అది పొగని లాగుతుంది, నిజమే. కానీ వెల్డరు మొహం మీదుగా లాగుతుంది. రోబో వెల్డింగు చేసే చోట, చుట్టూ తెరలు దించి, లోపల మనిషి లేకుండా వాడితే అదే గొడుగు చక్కగా పని చేస్తుంది.

యంత్రం సంగతి తర్వాత, ముందు పొగనే తగ్గించగలమేమో చూడాలి. లోపల ఫ్లక్స్ పొడి నింపిన ఫ్లక్స్ కోర్ వైరు అన్నిటికన్నా ఎక్కువ పొగ ఇస్తుంది, రాడ్డు వెల్డింగు దాని వెనకే. గన్‌లోంచి సాలిడ్ వైరు, గ్యాసు కలిసి వచ్చే మిగ్ కొంత నయం, కరగని టంగ్‌స్టన్ కొనతో చేసే టిగ్‌కి పొగ చాలా తక్కువ. మిగ్‌లో వట్టి కార్బన్ డయాక్సైడ్ బదులు ఆర్గాన్ ఎక్కువున్న మిశ్రమం వాడితే, స్ప్రే లేదా పల్స్ పద్ధతిలో ఆర్క్ నిలకడగా ఉండేలా సెట్ చేస్తే పొగ, స్పాటర్ (ఎగిరిపడే కరిగిన లోహపు చుక్కలు) రెండూ తగ్గుతాయి. గాల్వనైజ్డ్ (జింకు) పూత, రంగు, నూనె ఉంటే సీమ్‌కి (అతుకు గీతకి) రెండు వైపులా 5 నుంచి 10 సెంటీమీటర్ల మేర తీసేయాలి. జింకు పొగ పీల్చిన సాయంత్రం వచ్చే చలిజ్వరం గురించి పాత వెల్డర్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. క్లోరిన్ ఉన్న సాల్వెంటుతో తుడిచిన జాబుని మాత్రం అది పూర్తిగా ఆరకుండా ఆర్క్ దగ్గరికి తీసుకురాకూడదు. ఆ ఆవిరి మీద ఆర్క్ వెలుగు పడితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. దాన్ని ఏ పొగ ఫిల్టరూ ఆపదు.

దూరం వేసే లెక్క

అసలు విషయం ఇక్కడుంది. ఊదితే అగ్గిపుల్ల మూరెడు దూరం నుంచీ ఆరుతుంది. అదే నోటితో గాలి లోపలికి పీల్చి ఆర్పాలంటే మూతి కాలేంత దగ్గరికి వెళ్లినా కష్టమే. ఊదిన గాలి ఒకే దారిన పోతుంది, పీల్చే గాలి అన్ని వైపుల నుంచీ వస్తుంది. హుడ్ నోటి దగ్గర ఉన్న వేగం, ఆ నోటి వ్యాసమంత దూరం వెళ్లేసరికి పదో వంతుకు పడిపోతుంది.

దీనికి డల్లావల్లే సూత్రం అని ఒక పాత లెక్క ఉంది. దూరాన్ని దూరంతో గుణించి, దాన్ని పదిరెట్లు చేసి, హుడ్ నోటి వైశాల్యం కలిపి, ఆ మొత్తాన్ని ఆర్క్ దగ్గర కావలసిన గాలి వేగంతో గుణిస్తే ఎంత గాలి లాగాలో వస్తుంది. వెల్డింగు పొగని పట్టడానికి ఆర్క్ దగ్గర సెకనుకు కనీసం 0.5 మీటరు వేగం ఉండాలన్నది అందరూ వాడే కొలత. 150 మిల్లీమీటర్ల పైపు నోరు తీసుకుని చూద్దాం. ఆర్క్‌కి 15 సెంటీమీటర్ల దూరంలో ఉంటే గంటకు 440 ఘనపు మీటర్లు చాలు. 30 సెంటీమీటర్లకి జరిపితే 1650 కావాలి. 45 సెంటీమీటర్లకి జరిపితే దాదాపు 3700. దూరం మూడు రెట్లయితే గాలి ఎనిమిది రెట్లు దాటింది. ఏ మోటారూ ఈ లెక్కని ఓడించలేదు.

హుడ్ అంచు చుట్టూ వెడల్పాటి రేకు ఫ్లాంజ్ ఉంటే వెనక నుంచి వృథాగా వచ్చే గాలి ఆగుతుంది, కావలసిన గాలి సుమారు పాతిక శాతం తగ్గుతుంది. ఇంత చవకైన లాభం ఈ మొత్తం వ్యవహారంలో మరెక్కడా లేదు. అయినా చాలా ఆర్మ్‌ల మీద అది కనిపించదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధనల్లో వెల్డింగుకి ఉన్న పట్టిక కూడా ఫ్లాంజ్ ఉన్న హుడ్‌ని దృష్టిలో పెట్టుకుని రాసిందే: ఆర్క్ నుంచి 10–15 సెంటీమీటర్లయితే గంటకు సుమారు 255 ఘనపు మీటర్లు, 25–30 సెంటీమీటర్లయితే సుమారు 1020. ఆ పట్టిక 30 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు మార్కెట్లో మామూలుగా దొరికే ఆర్మ్‌కి ఇదే లెక్క వేద్దాం. గంటకు 1000 ఘనపు మీటర్లు, 300 మిల్లీమీటర్ల గుండ్రటి హుడ్, ఫ్లాంజ్ లేదు. ఆర్క్ దగ్గర సెకనుకు 0.5 మీటరు వేగం దొరికేది 22 సెంటీమీటర్ల దాకా మాత్రమే. 15 సెంటీమీటర్ల దగ్గర 0.9 మీటరు ఉంటుంది. 10 సెంటీమీటర్లకి తెస్తే 1.6 మీటర్లు దాటుతుంది, అక్కడ షీల్డింగ్ గ్యాసుకి (కరిగిన లోహాన్ని గాలి నుంచి కాచే వాయువు తెరకి) ముప్పు దగ్గరపడుతుంది. అంటే ఈ హుడ్ నిజంగా పనికొచ్చే చోటు ఆర్క్‌కి 15 నుంచి 22 సెంటీమీటర్ల మధ్య ఉన్న ఏడు సెంటీమీటర్ల పట్టీ. దాన్ని అడుగున్నర దూరంలో పెట్టి పని కానిస్తున్న షెడ్డులో యంత్రం తిరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

పోరోసిటీ వస్తుందన్న భయం

వెల్డర్లు హుడ్‌ని దూరంగా నెట్టడానికి చెప్పే కారణాల్లో ఇది మొదటిది, దీన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. గాలి గ్యాసు తెరని చెదరగొడితే బీడ్‌లో (గట్టిపడిన వెల్డు గీతలో) బుడగలు, అంటే పోరోసిటీ రావడం నిజమే. అయితే ఎంత గాలికి? అమెరికా నిర్మాణ వెల్డింగు కోడ్ డీ1.1 గ్యాసు వాడే పద్ధతులకి గంటకు 8 కిలోమీటర్ల గాలి దాకా ఒప్పుకుంటుంది. అంటే సెకనుకు సుమారు 2.2 మీటర్లు. పొగ పట్టడానికి మనకి కావలసింది అందులో నాలుగో వంతే. టిగ్ ఇంతకన్నా సున్నితం కాబట్టి అక్కడ హుడ్ కాస్త వెనక్కి ఉండాలి, పొగ కూడా తక్కువే కాబట్టి నష్టం లేదు.

బుడగలు కనిపిస్తే హుడ్ మీద నేరం మోపే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. నాజిల్ లోపల స్పాటర్ పేరుకుందా, గ్యాసు ఫ్లో సరిపోతోందా, హోసు జాయింటులో లీకుందా, వెల్డరు వీపు వెనక పెడస్టల్ ఫ్యాను తిరుగుతోందా. చాలాసార్లు దొంగ ఆ ఫ్యానే. అది బీడ్‌నీ పాడు చేస్తుంది, పొగని హుడ్ నుంచి పక్కకీ తోసేస్తుంది. ఉక్క పోస్తోందని ఫ్యాను పెట్టుకున్న మనిషిని తప్పు పట్టలేం. ఆ గాలి ఆర్క్‌ని దాటకుండా పక్కగా వచ్చేలా అమర్చడం షెడ్డు నడిపేవాళ్ల పని.

చేయి కదలకపోతే

లెక్కంతా సరిగ్గా వేసుకున్నా ఆర్మ్‌కి ఒక బలహీనత ఉంది. దాన్ని ఎవరో ఒకరు జరుపుతూ ఉండాలి. ఒక చోట పెట్టిన హుడ్ మహా అయితే 30–40 సెంటీమీటర్ల సీమ్‌ని కాపాడుతుంది. రెండు మీటర్ల సీమ్ వేసేవాడు ఐదారు సార్లు ఆపి, హెల్మెట్ ఎత్తి, ఆర్మ్ జరిపి, మళ్లీ మొదలుపెట్టాలి. పీస్ లెక్కన పని చేసే మనిషి ఇది చేస్తాడనుకోవడం పేరాశ. అతన్ని తిట్టి ఉపయోగం లేదు, జాబుకి తగని పరికరం ఇచ్చింది మనం.

షెడ్డులోకి వెళ్లి ఆర్మ్‌లని చూస్తే కథ తెలిసిపోతుంది. హుడ్ పిడి మీద తెల్లటి ధూళి పొర చెక్కుచెదరకుండా ఉందంటే దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదు. పిడి నున్నగా, నల్లగా మెరుస్తుంటే రోజూ జరుపుతున్నారు. కొనే ముందు మరో షెడ్డుకి వెళ్లి అదే మోడల్ చూడగలిగితే, అమ్మేవాళ్ల మాటల కన్నా ఆ పిడి ఎక్కువ చెప్తుంది.

ఆర్మ్ ఎంచుకునేటప్పుడు ఒంటి చేత్తో, గ్లవ్ వేసుకుని జరిపి చూడాలి. వదిలిన చోటే నిలవాలి, నెమ్మదిగా కిందికి జారకూడదు. జారితే కీళ్ల దగ్గరుండే రాపిడి పలకల నట్లు బిగించుకునే వీలు బయటి నుంచే ఉండాలి. లోపల ఇనుప చట్రం ఉన్న ఆర్మ్ బయటికి నున్నగా కనిపిస్తుంది గానీ, గాలి దారిలో ఆ చట్రం అడ్డు. బిగింపు సవరించాలన్నా హోసు ఊడదీయాలి. నేనైతే చట్రం బయట ఉన్నదే అడుగుతాను. పొడవు విషయంలో బల్ల మధ్యకి చేరితే చాలనుకోకూడదు, జాబు అవతలి అంచుకి చేరి, ఇంకా మోచేయి కాస్త వంగి ఉండాలి. పూర్తిగా చాచిన ఆర్మ్ పక్కలకి తిరగదు. హుడ్‌లో చిన్న దీపం ఉంటే అది అలంకారం కాదు. ఆ వెలుతురు కోసమైనా వెల్డరు హుడ్‌ని దగ్గరికి లాక్కుంటాడు.

పొడుగు సీములు, పెద్ద ఫ్రేములు, ట్యాంకుల లోపలి పని ఎక్కువున్న చోట మిగ్ గన్‌లోనే పొగ లాగే ఏర్పాటు ఉన్నది మేలు. ఆర్క్‌కి రెండు మూడు సెంటీమీటర్ల దూరం నుంచి లాగుతుంది కాబట్టి గంటకు 60 నుంచి 100 ఘనపు మీటర్ల గాలి చాలు. కాకపోతే సన్నటి హోసులోంచి లాగాలి, అందుకు పదివేల పాస్కళ్లు దాటిన పీడనం ఇచ్చే వేరే రకం బ్లోయరు కావాలి. ఆర్మ్‌కి వాడే బ్లోయరుకి ఈ గన్ తగిలిస్తే ఏమీ రాదు. గన్ ఎటు కదిలితే పొగ లాగే నోరూ అటే కదులుతుంది. ఎవరికీ గుర్తు చేయనక్కర్లేదు.

దీని మీద ఉన్న ఫిర్యాదూ నిజమే: బరువు, గట్టి హోసు, మణికట్టు నొప్పి. ఈ తరం గన్‌లు మునుపటి కన్నా తేలికయ్యాయి, హోసుని పైనుంచి బ్యాలెన్సరుకి వేలాడదీస్తే ఇంకా నయం. గన్ బాగా వాలిపోయే మూలల్లో, తలపైన చేసే వెల్డింగులో పొగ కొంత తప్పించుకుంటుంది. పీల్పు ఎక్కువైతే గ్యాసునీ లాగేస్తుంది కాబట్టి గన్ మీద పీల్పు తగ్గించే వాల్వు తప్పనిసరి. బీడ్ అయిపోయాక గన్‌ని వెంటనే ఎత్తేయకుండా కొన్ని సెకన్లు అక్కడే ఉంచడం వెల్డరుకి అలవాటు చేయాలి, ఎర్రగా ఉన్న చివరి చుక్క నుంచి ఇంకా పొగ వస్తూనే ఉంటుంది. రాడ్డు వెల్డింగుకి ఈ దారి లేదు, టిగ్‌కి అరుదు.

కింద నుంచి గాలి లాగే డౌన్‌డ్రాఫ్ట్ బల్లలు చిన్న జాబులకీ, గ్రైండింగుకీ బాగుంటాయి. ఒక పెద్ద ప్లేటు బల్ల కన్నాల్లో సగానికి పైగా మూసేసిందంటే పొగకి కిందికి దారి లేదు, మొహం మీదికే వస్తుంది. వెనక, పక్కల రేకులు నిలబెట్టి ఆ రేకుల్లోంచి కూడా లాగే రకం కొంత మెరుగు. షెడ్డు కప్పుకి వేలాడదీసి మొత్తం గాలిని తిప్పి వడకట్టే యూనిట్లు మిగిలిపోయిన పొగకి పనికొస్తాయి. వెల్డరు దగ్గర ఏమీ పెట్టకుండా వాటితో సరిపెట్టుకుంటే, పొగ అతని ఊపిరితిత్తుల మీదుగా వచ్చాకే ఫిల్టరుకి చేరుతుంది.

బ్లోయరు అంకెని నమ్మే ముందు

బ్రోచరులో రాసిన గాలి చాలాసార్లు హోసు లేకుండా, ఆర్మ్ లేకుండా, కొత్త ఫిల్టరుతోనో అసలు ఫిల్టరు లేకుండానో కొలిచింది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఆర్మ్ తగిలించి, ఫిల్టరు మార్చే దశకి వచ్చినప్పుడు, హుడ్ దగ్గర గంటకు ఎంత? ఫ్యాను కర్వ్ (ఎంత నిరోధానికి ఎంత గాలి ఇస్తుందో చూపే గీత) చూపించమంటే ఇచ్చేవాళ్లు ఇస్తారు. ఇవ్వని చోట మోటారు ప్లేటు చూసి మనమే ఓ లెక్క వేసుకోవచ్చు. గంటకు 1000 ఘనపు మీటర్లంటే సెకనుకు 0.278. నిండిన ఫిల్టరు, ఆర్మ్ కలిపి 2000 పాస్కళ్ల నిరోధం అనుకుంటే, గాలిని తోయడానికే 556 వాట్లు కావాలి. ఫ్యాను, మోటారు కలిపి 60 శాతం సామర్థ్యం అనుకున్నా 0.9 కిలోవాటు దాటుతుంది. 0.37 కిలోవాటు మోటారు పెట్టి గంటకు 1000 అని రాసిన యంత్రం, కార్ట్రిడ్జి (మడతల గొట్టం ఫిల్టరు) నల్లబడిన వారానికే ఆ మాట తప్పుతుంది.

కేంద్ర వ్యవస్థ (అన్ని ఆర్మ్‌లకీ ఒకే బ్లోయరు) పెట్టుకునేవాళ్లకి పైపు వేగం ముఖ్యం. సెకనుకు 10–13 మీటర్లు ఉండాలి. తక్కువైతే దుమ్ము పైపు అడుగున పేరుకుంటుంది, మరీ ఎక్కువైతే చప్పుడు, కరెంటు బిల్లు. 160 మిల్లీమీటర్ల పైపులో గంటకు 1000 ఘనపు మీటర్లు పోతే 13.8 వస్తుంది, కాస్త ఎక్కువే అయినా సరిపోతుంది. అదే గాలిని 125 పైపులో తోయాలని చూస్తే సెకనుకు 22 మీటర్లు దాటి, నిరోధం రెండింతలు మించి పెరుగుతుంది. ముడతల హోసు నున్నటి పైపు కన్నా రెండు మూడు రెట్లు గాలిని ఆపుతుంది కాబట్టి అవసరమైన చివరి మీటరుకే దాన్ని పరిమితం చేయాలి. ప్రతి ఆర్మ్‌కీ మూత వాల్వు ఉండి, వాడనప్పుడు మూసేస్తే మిగతా ఆర్మ్‌లకి పీల్పు మిగులుతుంది. అన్నీ తెరిచి ఉంచితే బ్లోయరుకి దగ్గరున్నవాళ్లకే గాలి దొరుకుతుంది, చివరి బల్ల వాడికి ఏమీ రాదు.

త్రీఫేజ్ యూనిట్లతో వచ్చే ఒక చిక్కు చాలామంది కంట పడదు. రెండు ఫేజులు తారుమారైతే బ్లోయరు వెనక్కి తిరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ ఫ్యాను వెనక్కి తిరిగినా గాలి బయటికి ఊదదు. అటువైపే లాగుతుంది, కాకపోతే చాలా తక్కువగా. హుడ్ దగ్గర కాగితం ముక్క పెడితే అంటుకుంటుంది కూడా. అందుకని ఎవరికీ అనుమానం రాదు, నెలల తరబడి అలాగే నడుస్తుంది. బిగించిన రోజే, షెడ్డులో ప్లగ్ మార్చిన ప్రతిసారీ, మోటారు మీది బాణం గుర్తు చూసుకోవాలి.

గాలిని బయటికి పంపే వ్యవస్థ అయితే అంత గాలీ లోపలికి రావడానికి దారి ఉండాలి. ఐదు ఆర్మ్‌లంటే గంటకు 5000 ఘనపు మీటర్లు. తలుపులన్నీ మూసిన షెడ్డులో బ్లోయరు గాలి కోసం గింజుకుంటుంది, తలుపు తెరవడం బరువనిపిస్తుంది, హుడ్ దగ్గర పీల్పు పడిపోతుంది. ఈ ఐదింటికి దాదాపు ఒక చదరపు మీటరు తెరుపు కావాలి, అది బల్లల మీదికి నేరుగా గాలి కొట్టని చోట ఉండాలి.

ఇక ఫిల్టరు

ఇంత దూరం వచ్చాక ఫిల్టరు గురించి చెప్పాల్సింది నిజానికి తక్కువే. ఐఎస్ఓ 21904 ప్రమాణంలో డబ్ల్యూ3 అన్న తరగతి వెల్డింగు పొగలో కనీసం 99 శాతాన్ని వేరు చేస్తుందని పరీక్షించిన యంత్రానికి ఇస్తారు. పరీక్షించింది ఫిల్టరు గుడ్డని కాదు, మొత్తం యంత్రాన్ని. స్టెయిన్‌లెస్ చేసేవాళ్లు, వడకట్టిన గాలిని షెడ్డులోకే వదిలేవాళ్లు దీనికి తక్కువది తీసుకోకూడదు. స్టెయిన్‌లెస్ పొగలో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియానికి ఓషా పరిమితి ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మాత్రమే. అలాంటి చోట ప్రధాన ఫిల్టరు వెనక హెచ్13 హెపా (అతి సన్నటి రేణువుల్ని ఆపే ఫిల్టరు) రెండో అంచెగా పెట్టడం నాకు సబబుగా తోస్తుంది. ఒక్క హెపానే పెట్టి ముందు ఏమీ లేకపోతే అది కొద్ది రోజుల్లోనే మూసుకుపోతుంది.

తరగతి కన్నా నేను ముందు అడిగేది ఫిల్టరు వైశాల్యం. గంటకు 1000 ఘనపు మీటర్లంటే నిమిషానికి 16.7. ఫిల్టరు 28 చదరపు మీటర్లుంటే గాలి దాన్ని నిమిషానికి 0.6 మీటరు వేగంతో దాటుతుంది, హాయిగా నడుస్తుంది. 10 చదరపు మీటర్లే ఉంటే వేగం 1.7, సన్నటి రేణువులు గుడ్డ లోతుకి దిగిపోతాయి, ఎంత దులిపినా రావు. నానోఫైబర్ పూత ఉన్న కార్ట్రిడ్జి మీద పొగ పైపైనే ఆగుతుంది కాబట్టి పల్స్ గాలితో (ఒక్కసారిగా కొట్టే గాలి దెబ్బతో) రాలిపోతుంది. ఆ పల్స్‌కి 5–6 బార్ల పొడి గాలి కావాలి. కంప్రెసరు నుంచి నూనె, నీరు వస్తుంటే కార్ట్రిడ్జి మీద జిగురు ముద్ద తయారై, ఇక ఏం చేసినా శుభ్రపడదు. బయటికి తీసి ఎయిర్ గన్‌తో ఊదడం ఇంకా చెడ్డది. గుడ్డ చిరుగుతుంది, పట్టిన విషమంతా మళ్లీ గాలిలో కలుస్తుంది.

పొగని విద్యుదావేశంతో ప్లేట్లకి అంటించే ఎలక్ట్రోస్టాటిక్ యూనిట్లలో ఫిల్టరు మార్చే ఖర్చు ఉండదంటారు. ప్లేట్లు మురికైన కొద్దీ వాటి పట్టు తగ్గుతుంది, ఆ తగ్గుదల బయటికి తెలియదు. వారం వారం కడిగే మనిషి ఉన్న చోటే అవి పనికొస్తాయి. ఇంకో సంగతి: ఏ రేణువుల ఫిల్టరూ వాయువుల్ని ఆపదు. అల్యూమినియం వెల్డింగులో పుట్టే ఓజోన్, కార్బన్ డయాక్సైడ్ షీల్డింగులో వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఫిల్టరు దాటి వచ్చేస్తాయి. కార్బన్ మోనాక్సైడ్‌ని యాక్టివేటెడ్ కార్బన్ కూడా పట్టదు. ఇరుకు చోట, మూసిన చోట పనైతే గాలిని బయటికి పంపడమే దారి.

నిప్పురవ్వల సంగతి మర్చిపోకూడదు. ఒక వేడి రవ్వ కార్ట్రిడ్జిలో పడితే గంట తర్వాత, అందరూ ఇంటికి వెళ్లాక మంట లేవొచ్చు. హుడ్‌కీ ఫిల్టరుకీ మధ్య రవ్వని దారి తిప్పి చల్లార్చే ఏర్పాటు ఉండాలి, వట్టి జాలీ సరిపోదు. అల్యూమినియం గ్రైండింగు దుమ్మునీ ఉక్కు రవ్వల్నీ ఒకే ఫిల్టరులోకి లాగడం మాత్రం ఎప్పుడూ చేయకూడని పని. ఆ దుమ్ముకి పేలే గుణం ఉంది.

మాస్కు చాలదా?

బ్యాటరీ ఫ్యానుతో శుద్ధిచేసిన గాలిని హెల్మెట్‌లోకి పంపే మాస్కు ఉంటే ఇదంతా ఎందుకన్న వాదన ఉంది. ఆ హెల్మెట్ మంచిదే, ట్యాంకు లోపల, ఆర్మ్ చేరని చోట తప్పనిసరి కూడా. కానీ అది కాపాడేది దాన్ని తొడుక్కున్న మనిషినే. పక్కన జాబు పట్టుకున్న హెల్పరు, పక్క బల్ల దగ్గర గ్రైండింగు చేసే కుర్రాడు, కొలతలు చూడ్డానికి వచ్చిన సూపర్‌వైజరు అదే పొగ పీలుస్తారు. వెల్డరు కూడా హెల్మెట్ ఎత్తి స్లాగ్ (బీడ్ మీది పెంకు) కొట్టేటప్పుడు పీలుస్తాడు. అందుకే నా లెక్కలో మాస్కు ఆర్మ్‌కి తోడే గానీ బదులు కాదు.

డెమో, ఆర్డరు

డెమోకి వచ్చినవాళ్లు చిన్న ముక్క మీద రెండు అంగుళాల బీడ్ వేసి చూపిస్తారు. దాన్ని ఒప్పుకోకుండా మన షెడ్డులో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే జాబు మీద, మన వెల్డరు చేత చేయించాలి. షెడ్డు దీపాలు తగ్గించి, పొగ వెనక నుంచి బలమైన సన్నటి దీపం వేసి, ఆ వెలుగు నేరుగా కళ్లలో పడకుండా అడ్డు పెట్టుకుని, తగిన కళ్లద్దాలతో పక్క నుంచి చూస్తే, మామూలుగా కంటికి ఆనని సన్నటి పొగ కూడా తెల్లగా తేలిపోతుంది. ఎంత హుడ్‌లోకి పోతోందో, ఎంత హెల్మెట్ చుట్టూ తిరుగుతోందో అప్పుడు వాదించుకోనక్కర్లేదు. కచ్చితమైన అంకె కావాలంటే ఐఎస్ఓ 10882 ప్రకారం హెల్మెట్ లోపల, ముక్కుకి దగ్గరగా నమూనా పెట్టి కొలిపించాలి.

చప్పుడు కూడా అప్పుడే కొలవాలి. ఒక మీటరు దూరంలో 75 డెసిబెళ్లు దాటితే ఆ యంత్రాన్ని మనుషులు ఆపేస్తారని నా అంచనా. ఎర్త్ కేబుల్‌కి క్లాంపు సెన్సరు తగిలించి, ఆర్క్ మొదలవగానే ఆన్ అయ్యి, ఆగాక అర నిమిషం తిరిగి ఆఫ్ అయ్యే సదుపాయం ఉంటే కరెంటూ మిగులుతుంది, ఆన్ చేయడం మర్చిపోయే సమస్యా ఉండదు.

ఆర్డరు కాగితంలో ఇవి రాయించుకోవాలి: నిండిన ఫిల్టరుతో, ఆర్మ్ తగిలించాక హుడ్ దగ్గర ఎంత గాలి, ఫిల్టరు వైశాల్యం, డబ్ల్యూ3 పత్రం, ఏ పీడనం దగ్గర ఫిల్టరు మార్చాలి. యంత్రం మీద ఫిల్టరు ముందు, వెనక పీడనాల తేడా చూపే గేజీ ఉండాలి, వట్టి ఎర్ర లైటు కాదు. బిగించిన రోజున ఆ గేజీ ఎంత చూపిందో, హుడ్ నోటి దగ్గర ఎనిమోమీటరు (గాలి వేగం కొలిచే పరికరం) ఎంత చూపిందో రెండూ పెయింటుతో యంత్రం తలుపు మీద రాసి పెట్టాలి. మామూలుగా కొత్త కార్ట్రిడ్జి కొన్ని వందల పాస్కళ్ల దగ్గర మొదలై, 1500 దగ్గరికి వచ్చి పల్స్ కొట్టినా దిగకపోతే మార్చే వేళ అయింది. అదే గేజీ అంకె ఒక్కసారిగా మొదటి రోజు కన్నా కిందికి పడిపోతే సంతోషించకూడదు. కార్ట్రిడ్జి చిరిగి ఉంటుంది, లేదా గేజీకి వెళ్లే గొట్టం ఊడి ఉంటుంది. తలుపు తీసి, ఫిల్టరు వెనక, శుభ్రమైన గాలి పోయే గదిలో వేలితో ఓసారి తుడిచి చూడండి. నల్లగా అంటితే ఆ రోజుకి యంత్రం ఆపేయండి.